మజిల్ సెన్సర్ షార్ట్స్: దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్ళకి ఓకే, మిగతావాళ్ళు ఆగండి

ఈఎంజీ షార్ట్స్, అంటే కండరాల్లో పుట్టే కరెంటు సిగ్నల్‌ని కొలిచే షార్ట్స్, కొందామా వద్దా అని చూస్తున్నవాళ్ళకి ముందే చెప్పేస్తా, కాలికి దెబ్బ తగిలి మళ్ళీ ట్రైనింగ్ మొదలెట్టినవాళ్ళయితే తీసుకోండి, జిమ్‌లో ఎంత కష్టపడ్డామో నంబర్ చూసుకోడానికే అయితే వద్దు.

నేను తీసుకుంది కుడి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసి పరుగు ఆపేశాక. షార్ట్స్ లోపలివైపు, తొడ ముందు, వెనక, పిరుదుల దగ్గర కరెంటు పారే బట్టతో ప్యాచ్‌లు ఉంటాయి, అవే ఎలక్ట్రోడ్లు, పైన చిన్న మాడ్యూల్ తగిలిస్తే రీడింగ్ బ్లూటూత్‌లో ఫోన్‌కి వచ్చేస్తుంది. చర్మం మీద దొరికే సిగ్నల్ మహా అయితే కొన్ని మిల్లీవోల్ట్‌లే కాబట్టి బట్ట ఒంటికి అతుక్కుని ఉండాల్సిందే, కొంచెం వదులైనా రీడింగ్ నమ్మలేం. చర్మం పొడిగా ఉంటే ఫోన్‌లో సిగ్నల్ గీత ఊరికే ఎగిరెగిరి పడుతుంది, చెమట పట్టాక సర్దుకుంటుంది, నేనైతే ప్యాచ్‌లని తడి చేత్తో తుడిచి వేసుకుంటున్నా.

అసలు ఉపయోగం ఎక్కడ కనిపించిందంటే గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపడం) చేసేటప్పుడు. అద్దంలో చూస్తే నడుము సమానంగానే లేస్తోంది, నాకూ తేడా ఏం తెలీట్లేదు, ఫోన్‌లో చూస్తే ఎడమ హ్యామ్‌స్ట్రింగ్ గీత నిండుగా ఉంది, కుడిది సగం కూడా లేదు, ఆ లోటంతా కుడి పిరుదు మోస్తోంది! ఫిజియోకి ఆ గ్రాఫ్ చూపిస్తే వెంటనే ఒంటికాలి బ్రిడ్జ్‌లకి మార్చేశారు, ఇప్పుడు రెండు గీతలూ దగ్గరికొస్తున్నాయి, అది చూస్తుంటే ఎంత ధైర్యమొస్తుందో చెప్పలేను. కాకపోతే ప్యాచ్ కాస్త పక్కకి జరిగినా లెక్క మారిపోతుంది, అందుకే కుట్టు రోజూ ఒకే చోటుకి వచ్చేలా సర్దుకోండి.

ఇక యాప్‌లో పెద్దగా చూపించే ఎఫర్ట్ స్కోర్ ఉంది చూశారూ, దాంతోనే నాకు గొడవ. ఈఎంజీ చెప్పేది కండరంలో పుట్టే కరెంటు సంగతి, బలం ఎంతో కాదు. బరువు అదే అయినా అలసిపోయేకొద్దీ సిగ్నల్ పెరుగుతుంది, ఎందుకంటే శరీరం ఇంకా ఎక్కువ కండరాల ఫైబర్లని (పోగుల్ని) పనిలోకి దింపుతుంది, మరి యాప్ ఏమో ఆఖరి రెప్స్‌లో స్కోర్ పెరిగిందని మెచ్చుకుంటుంది, దెబ్బ తగిలిన కాలికి అది చాలా ప్రమాదం. పైగా కండరాన్ని గట్టిగా బిగబట్టి చేసే కాలిబ్రేషన్, అంటే రీడింగ్‌ని మన ఒంటికి సరిచూసుకునే కొలత, మొదటిసారి ఒక్కసారే అడుగుతుంది, వేసుకున్న ప్రతిసారీ ప్యాచ్ కొత్త చోట కూర్చుంటుంది కదా, ప్రతిసారీ అడగాలి. రా డేటా (స్కోర్‌గా మార్చని అసలు రీడింగ్‌లు) బయటికి తీసుకునే దారి లేదు, కస్టమర్ కేర్‌ని అడిగితే సరైన జవాబు లేదు.

స్ప్రింట్లలో బట్ట కదలికకే సిగ్నల్ చెడిపోతోంది, అందుకే నిదానంగా చేసే స్ట్రెంత్ వర్క్ రీడింగ్‌లే లెక్కలోకి తీసుకుంటున్నా.

ఉతకడం చేత్తోనే, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అస్సలు వాడొద్దు, ప్యాచ్‌ల మీద పొరలా పేరుకుపోతుంది. కొనేముందు ప్యాచ్‌లకి వారంటీ ఉందో లేదో విడిగా అడగండి, నా దాంట్లో మాడ్యూల్‌కి మాత్రమే ఇచ్చారు.