నీడ పోయాక తియ్యాలి: శ్రీకాకుళం కొలిమిలో రెండు రోజులు

మాది రాజమండ్రి. ఉద్యోగం వేరే గానీ, నాలుగేళ్ళుగా పెరట్లో వంటింటి కత్తులు చేస్తున్నాను. ఇన్నాళ్ళూ వీడియోలు చూసి నేర్చుకున్నదే. సానపట్టడం, పిడి బిగించడం వరకు బాగానే వచ్చింది. కత్తిని కాల్చి, చల్లార్చి, పదును నిలిచేలా చేసే పని మాత్రం ఎప్పుడూ అనుమానమే. ఒక కత్తి ఆరు నెలలైనా టమాటా తొక్కని ఇట్టే కోసేది. అదే ఉక్కు పట్టీలోంచి తీసిన రెండోది నెల తిరక్కుండానే మొద్దుబారేది. కారణం తెలిసేది కాదు.

అందుకే శ్రీకాకుళం పక్క పల్లెలో ఒక కమ్మరి మేస్త్రి గారి షెడ్డులో రెండు రోజులు కలిసి పని చేద్దామని మా కత్తుల వాళ్ళ గుంపులో మాట రాగానే సరే అన్నాను. డిసెంబరు నెల, శని, ఆదివారాలు. మనిషికి 4,500 రూపాయలు. ఉక్కు, బొగ్గు, మధ్యాహ్నం భోజనం, టీలు అందులోనే. పడక ఎవరిది వాళ్ళు చూసుకోవాలి.

మొదటిసారి రైల్లో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది కానీ ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి శ్రీకాకుళం ఊళ్ళోకి ఇంకా 13 కిలోమీటర్లు పోవాలి. నేను ఒక రోజు ముందుగా, శుక్రవారం తెల్లవారుజామున దిగాను. బయట ఆటో అతను 350 అడిగాడు. టీ తాగి కాసేపు ఆగితే బస్సు వచ్చింది. చీకట్లో దిగి తొందరపడితేనే ఆటో ఖర్చు. వెలుతురు వచ్చాక ఇబ్బంది లేదు.

లాడ్జి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర తీసుకున్నాను, రోజుకి 1,300. ఫోన్లో ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు అన్నారు. వెళ్ళాక గీజరు పనిచెయ్యడం లేదని, ఉదయం ఏడు తర్వాత బకెట్టుతో పంపిస్తామని చెప్పారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కుర్రాళ్ళు మర్యాదగా మాట్లాడారు, ఆ మాట చెప్పాలి. కానీ గది రోడ్డు వైపు కావడంతో రాత్రంతా బస్సుల హారన్లే. మా వాళ్ళలో ముగ్గురు డే అండ్ నైట్ జంక్షన్ వైపు 1,800 పెట్టి దిగారు, హాయిగా నిద్రపోయామన్నారు. మోచేతుల దాకా మసి పూసుకుని వచ్చేవాడికి వేడినీళ్ళు, నిద్ర రెండూ అవసరమే. ఆ అయిదు వందల దగ్గర చూసుకోకుండా ఉండాల్సింది.

శుక్రవారం పగలు ఖాళీ. పొద్దున్నే అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణ స్వామిని చూసుకున్నాను. ఊరిని ఆనుకునే ఉంటుంది, జనం తక్కువగా ఉన్నారు, అరగంటలో దర్శనమైంది. అక్కడి నుంచి బుడితి పోయాను. నాకు అసలు పని అక్కడే.

బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. కత్తి పిడికీ అలుగుకీ మధ్య ఇత్తడి ముక్క ఒకటి వేస్తాం, పిడిలోంచి దూర్చే మేకులు కూడా ఇత్తడివే. ఇంతకుముందు పాత సామాన్ల కొట్లో దొరికింది ఏదైతే అది తెచ్చుకునేవాణ్ణి. బుడితిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని నాకేం కావాలో చెబితే, ఆ ఇంటాయన రెండు ముక్కలు తెచ్చి నా ముందు నేలకేసి కొట్టి వినమన్నాడు. కంచు ఖంగుమని చాలాసేపు మోగింది. ఇత్తడి అంత మోగలేదు. "కంచు రాగీ తగరమూను. సల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొడితే ఇరిగిపోద్ది. నీ మేకులకి ఇత్తడే అట్టుకెళ్ళు బాబూ" అన్నాడు. రెండేళ్ళ కిందట నేను బిగించిన మేకు తల చిట్లిపోయిన కారణం ఆ అరుగు మీద తెలిసింది. ఇత్తడి ముక్కలు కిలోన్నర తూకం వేయించుకుని, ఇంటికోసం ఒక దీపపు కుంది కొన్నాను. బేరం ఆడలేదు. ఒక్కో చెంబు మీద ఎన్ని సుత్తి దెబ్బలున్నాయో చూశాక ఆడబుద్ధి కాలేదు.

శనివారం ఎనిమిదింటికల్లా పదకొండు మందిమి షెడ్డులో ఉన్నాం. విశాఖపట్నం నుంచి నలుగురు, పొందూరు వైపు నుంచి ఒక తమ్ముడు, నిజామాబాద్ నుంచి ఒకాయన, మిగతావాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. నేర్పేవాళ్ళు ఇద్దరు. ఒకరు మేస్త్రి గారు, డెబ్బై దాటిన మనిషి. జీవితమంతా కొడవళ్ళు, గొడ్డళ్ళు, కల్లుగీత కత్తులు, కత్తిపీటలు చేశారు. రెండో ఆయన విశాఖలో ఇంజినీరు. కరెంటు కొలిమి, వేడి కొలిచే మీటరు తెచ్చారు. ఇద్దరి మాటా ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది అన్నది చూడటానికే నేను వెళ్ళాను.

పొద్దున్న అంతా పాత లారీ కమాను పట్టీలు సాగగొట్టడమే. కొబ్బరి చిప్పల బొగ్గు వాడారు. ఉద్దానం కొబ్బరి దగ్గర్లోనే కాబట్టి ఆ బొగ్గుకి కొదవ లేదు. రాక్షసి బొగ్గు కంటే పొగ, వాసన తక్కువ. మేస్త్రి గారు దాగలి (ఇనుప దిమ్మె) మీద ఉన్న పట్టీని చిన్న సుత్తితో ఒకచోట తట్టేవారు, ఎదురుగా సమ్మెట పట్టుకున్నవాడు సరిగ్గా అక్కడే కొట్టాలి. మాటలు ఉండవు. నాలుగు దెబ్బలకే నా భుజాలు పట్టేశాయి. ఆయన కొడుకు మాత్రం పాట పాడుకుంటూ కొడుతున్నాడు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు రాసిపెట్టుకున్నాను. అంచు పల్చగా కొట్టేకొద్దీ ఇనుము అటువైపు సాగుతుంది, కత్తి వెన్ను వైపుకి అరటికాయలా వంగిపోతుంది. నేను తర్వాత తిప్పికొట్టి సరిచేసేవాణ్ణి. మేస్త్రి గారు మొదలుపెట్టే ముందే పట్టీని అంచు వైపుకి వంచేస్తారు. కొడుతుంటే అదే సాపు అవుతుంది. నాలుగేళ్ళ కష్టం ఒక్క వంపుతో తీరిపోయింది.

పాత పట్టీల గురించి ఇంజినీరు గారు ఒక హెచ్చరిక చేశారు. లారీ కింద ఏళ్ళ తరబడి వంగి లేచిన ఉక్కులో కంటికి కనపడని చీలికలు ఉండొచ్చు, అమ్మే కత్తికి కొత్త పట్టీ కొనడమే మేలు అని. కొత్త ఉక్కుగా ఆయన ఈఎన్ 31 తెచ్చారు. బేరింగుల ఉక్కు అది, కర్బనం సుమారు ఒక శాతం, క్రోమియం కూడా ఉంటుంది. రంగు చూసి ముంచితే లొంగే రకం కాదు. 840 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు నిలకడగా ఉంచాలి. అందుకే దానికి కరెంటు కొలిమి. కమాను పట్టీ బొగ్గు కొలిమిలోనే లొంగుతుంది.

సాయంత్రం చీకటి పడేదాకా కావాలనే ఆగాం. ముందు ప్రతి కత్తినీ మూడుసార్లు కాల్చి గాలికి వదిలేశాం. కొట్టినప్పుడు లోపల పట్టిన బిగువు అలా వదులుతుంది. తర్వాత లైట్లన్నీ ఆర్పేశారు.

ఆ దృశ్యం కోసం ఇంకో 300 కిలోమీటర్లయినా ప్రయాణం చేస్తాను. కత్తి ఎర్రబడుతోంది. ముదురు ఎరుపు, తర్వాత పండు మిరపకాయ ఎరుపు. అప్పుడు ఆ ఎరుపు లోపల నల్లటి నీడ ఒకటి కనపడింది, ఎండలో మబ్బు నీడ చేనుమీద జరిగినట్టు మెల్లగా జరుగుతోంది. "అదిగో, సూసినావా బావూ. ఆ నీడ ఉన్నంతసేపు తియ్యకు. నీడ పోయి అంతా ఒక్క రంగులోకి వచ్చినాక తియ్యాలి" అన్నారు మేస్త్రి గారు. ఇంజినీరు గారు వెనకనుంచి వివరించారు. ఉక్కు లోపలి అమరిక మారేటప్పుడు వేడిని తనలోకి లాక్కుంటుంది, అంతవరకు ఆ భాగం కాస్త మసకగా కనిపిస్తుంది, అదే ఆ నీడ. నేను ఇంతకాలం అయస్కాంతం పెట్టి, అంటుకోకపోతే చాలనుకుని ముంచేసేవాణ్ణి. అయస్కాంతం 770 డిగ్రీల దగ్గరే వదిలేస్తుంది. ఉక్కు పూర్తిగా మారాలంటే ఇంకొంచెం పైకి పోవాలి. మొద్దుబారిన నా కత్తులన్నీ ఆ నీడ పోకముందే నూనెలో పడ్డవి.

ఇంత తెలిశాక కూడా నా మొదటి కత్తి పగిలింది. మేస్త్రి గారు కొడవళ్ళని నీళ్ళలో ముంచడం చూసి, నా కత్తినీ నీళ్ళలో ముంచాను. ఆయన అంచు మాత్రమే, అదీ ఒక్క క్షణం తాకించి తీస్తారు. వెన్నులో వేడి మిగిలి ఉంటుంది. నేను పల్చటి కత్తిని మొత్తం దించేశాను. టింగ్ మని చిన్న చప్పుడు. అందరూ ఆగిపోయారు. కత్తులు చేసేవాళ్ళెవరికీ ఆ చప్పుడు గురించి చెప్పనక్కర్లేదు. అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుకంత గీత. ఏడుపొచ్చినంత పనైంది. మేస్త్రి గారు దాన్ని వైసులో బిగించి విరగ్గొట్టి, విరిగిన చోటు టార్చి వేసి చూపించారు. పిడి వైపు బూడిదరంగు మఖమల్లులా నున్నగా ఉంది. మొన వైపు పంచదార పలుకుల్లా మెరుస్తోంది. మొన దగ్గర ఎక్కువ కాలింది, అందుకే ఆ పలుకులు. అంటే ఒకే కత్తిలో రెండు తప్పులు. రెండో కత్తి 50 డిగ్రీలకి వేడిచేసిన వేరుశనగ నూనెలో ముంచాను. ఆకురాయి (ఫైలు) వేస్తే అంచు మీద గాజు మీద జారినట్టు జారింది. అంటే అంచు బాగా గట్టిపడింది, కానీ అప్పటికి పెళుసుగా ఉంటుంది.

ఆదివారం ఆ పెళుసు తగ్గించే పని. మేము మామూలు వంటింటి ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు పెట్టాం. మేస్త్రి గారికి ఓవెను అక్కర్లేదు. అంచుని ఇటుక ముక్కతో రుద్ది తెల్లగా చేసి, వెన్ను వైపు వేడి పెట్టి, రంగు పాకి రావడం చూస్తారు. ఎండుగడ్డి రంగు రాగానే వంటకత్తికి చాలు. గొడ్డలికైతే ఊదా దాకా పోనిస్తారు. ఇంజినీరు గారి మీటరు ఆ గడ్డి రంగు దగ్గర 220 చూపించింది. మేస్త్రి గారు ఆ అంకె వైపు చూడనైనా లేదు.

భోజనం గురించి చెప్పాలి. మేస్త్రి గారి ఇంటి ఆడవాళ్ళు వండారు. పదకొండింటికి చోడి (రాగి) అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం అన్నం, వంకాయ ఎండుచేపల కూర, చారు. కొలిమి దగ్గర చెమటోడ్చినవాడికి తాగడానికి ఆ అంబలి కంటే మంచిది లేదు. శాకాహారులు ఇద్దరుంటే వాళ్ళకి విడిగా పప్పు చేసిపెట్టారు, అడక్కుండానే.

శనివారం రాత్రి లాడ్జి వదిలేసి మేస్త్రి గారి మేడ మీద గదిలో పడుకున్నాను. మనిషికి 300. చాపలు, దోమతెరలు, పొయ్యి మీద కాచిన వేడినీళ్ళు. స్నానాలగది ఒక్కటే కాబట్టి పొద్దున్న వరస కట్టాలి. అయినా నాకు అదే నచ్చింది. తేగలు కాల్చుకుని తింటూ పన్నెండు దాకా కబుర్లు. పొందూరు తమ్ముడు జేబులోంచి వాలుగ చేప దవడ ఎముక తీసి చూపించాడు. పొందూరు ఖద్దరుకి పత్తిని ఆ సన్నటి పళ్ళతోనే దువ్వుతారు. మనిషి చేయని పనిముట్టు, అంత నున్నటి పళ్ళు మా సానరాళ్ళ మీద రావు. ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుని అందరం తిప్పి తిప్పి చూశాం. నిజామాబాద్ ఆయన తన జిల్లాలోని కోనసముద్రం గురించి చెప్పాడు. మూసల్లో (మట్టి పాత్రల్లో) కరిగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు ఆ ఊరికి వచ్చేవారట. పేరుమోసిన పాత డమాస్కస్ కత్తులు అలాంటి మూస ఉక్కువే. ఇప్పుడు ఆ పేరుతో అమ్మే చారల కత్తులు చాలావరకు రెండు రకాల ఉక్కుల్ని పొరలుగా అతికి, ఆమ్లంలో ముంచినవి. ఆ పనీ గొప్పదే కానీ మూస ఉక్కు అది కాదు. కొనేవాళ్ళకి ఆ తేడా చెప్పి అమ్మాలని అందరం అనుకున్నాం.

ఒక కుర్రాడు బాకు చేసుకుంటానన్నాడు. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. ఆయన చేసేవి వంటకీ వ్యవసాయానికీ పనికొచ్చేవే. చట్టంలోనూ 9 అంగుళాలకి మించిన పొడవు గానీ 2 అంగుళాలకి మించిన వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, పొలం పనికి చేసినవాటికి మినహాయింపు ఉంది.

లోపాలు కూడా చెప్పాలి, మళ్ళీ పెట్టేటప్పుడు సరిదిద్దుతారని. పదకొండు మందికి మూడు కొలుములు చాలలేదు. ఒక్కొక్కరం అరగంట పైన వేచి ఉన్నాం. ఎనిమిది మంది అయితే సరిపోతుంది. సానపట్టే మిషను మంచిది ఒక్కటే, ఆదివారం పొద్దున్న గంటన్నర కరెంటు పోయింది, జనరేటరు లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఉక్కు ధూళికి మాస్కులు రెండే ఉన్నాయి. ఊపిరితిత్తులతో ఆట వద్దు. ఎన్95 మాస్కులు, కళ్ళద్దాలు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. నేను తీసుకెళ్ళిన డజను మాస్కులూ మధ్యాహ్నానికి అయిపోయాయి.

పిడికి తాటి చేవ వేశాను, బుడితి ఇత్తడి మేకులతో. ఆదివారం రాత్రి ఆమదాలవలసలో రైలెక్కే ముందు కత్తిని గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పెట్టె అడుగున సర్దాను. ఇంటికొచ్చాక మా ఆవిడ దాంతో గుమ్మడికాయ కోసి, ఇంకొకటి వాళ్ళమ్మకి చేయమంది. వచ్చే దఫా ఫిబ్రవరిలో అంటున్నారు. ఈసారి రెండు రాత్రులూ మేడ మీద గదికే చెప్పి ఉంచాను. పగిలిన కత్తి రెండు ముక్కలూ నా కొలిమి పక్కన గోడకి మేకు కొట్టి తగిలించాను, విరిగిన వైపు కనపడేలా.