పచ్చ, పసుపు, ఎరుపు: మా అబ్బాయి బరువు యాప్‌తో పద్నాలుగు నెలలు

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు నిండిన నెలలో మొదలుపెట్టాను. పిల్లల ఊబకాయం తేల్చే యాప్‌లు రెండు వాడాను. ఒకటి రెండో వారమే తీసేశాను.

ముందు దాని సంగతి. వాడి ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 36 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, 20 వచ్చింది. పచ్చరంగు వెలిగించి ‘ఆరోగ్యకరం’ అంది. మా అత్తయ్య మురిసిపోయారు: “చెప్పానుగా, బిడ్డ బొద్దుగా ఉంటే దిష్టి పెట్టకండి!” తీరా చూస్తే అది వయసే అడగలేదు. పెద్దవాళ్ల కొలతతో పసివాణ్ణి తూచేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికలో తొమ్మిదేళ్ల మగపిల్లలకు బీఎంఐ మధ్యగీత 16, 17.9 దాటితే అధిక బరువు, 20.5 దాటితే ఊబకాయం.

ఇప్పటికీ వాడుతున్న రెండోది పుట్టినతేదీ, ఆడా మగా అడిగి ఆ పట్టిక మీదే చుక్క పెడుతుంది. మావాడిది పసుపు, అంటే అధిక బరువు. ఒక ఆదివారం మాత్రం ఎరుపు, అంటే ఊబకాయం, చూపింది! బీచ్‌లో ఆడి అలసి వచ్చినవాణ్ణి గోడకు నిలబెట్టి, నెత్తిన స్కేలు ఏటవాలుగా పట్టి 132 అని కొట్టాను. రెండు సెంటీమీటర్లకే రంగు మారిపోయింది. ఇప్పుడు నెలకొకసారే. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, నెత్తిన అట్టపుస్తకం అడ్డంగా పెట్టి, టేపుతో రెండుసార్లు కొలుస్తాను.

తిండి లెక్కల భాగం దండగ. ఇడ్లీ తెలుసు దానికి. మా విశాఖ ఆర్కే బీచ్‌లో అమ్మే మురీ మిక్చర్ (మరమరాల చిరుతిండి) తెలియదు. పొట్లం అంటే ‘ఎన్ని కప్పులు?’ అంటుంది. ‘బరువు పెరిగింది, జాగ్రత్త’ అనే సందేశాలు ఇంకా చిరాకు. ఎదిగే పిల్లవాడు బరువు పెరగడా? ఇప్పుడు 141 సెంటీమీటర్లు, 38.5 కిలోలు. రెండున్నర కిలోలు పెరిగినా బీఎంఐ 19.4కి దిగింది. ఆ సందేశాలు ఆపేశాను.

ఎంవీపీ కాలనీలోని మా పిల్లల డాక్టరమ్మ ఆ గ్రాఫును అర నిమిషం చూశారు. తర్వాత వాడి మెడ వెనక నల్లబడిందేమోనని వేలితో రుద్ది చూశారు, బీపీ తీశారు, నడుము చుట్టుకొలత ఎత్తులో సగం మించలేదని చూసుకున్నారు, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని అడిగారు. యాప్ వీటిలో ఒక్కటీ అడగలేదు. ఐదుకు మూడు ఇస్తాను, అదీ గ్రాఫు కోసమే.

ఎరుపు వచ్చిన ఆదివారం వాడు నా భుజం మీంచి తొంగిచూసి, “అమ్మా, నేను తప్పు చేశానా?” అన్నాడు. అప్పటినుంచి ఫోను వాడికి చూపించను. గోడ మీద గీత పక్కన తేదీ మాత్రం వాడే రాస్తాడు.