విండోస్‌లో బిల్డ్ టెస్టులకు ఏది మేలు: షెల్లా, బ్యాచ్‌ఫైలా, పవర్‌షెల్లా, పైథానా?

రేణిగుంటలోనో శ్రీసిటీలోనో బోర్డుకు ఫర్మ్‌వేర్ ఎక్కించి పరీక్షించే మెషీను విండోస్‌ది, డ్రైవరు కూడా విండోస్‌కే ఉంది అనుకోండి. బిల్డ్ స్క్రిప్టు (కోడును ప్రోగ్రాముగా మార్చి పరీక్షించే కమాండ్ల ఫైలు) మాత్రం ఎప్పుడో లినక్స్‌లో రాసిన షెల్ స్క్రిప్టు. దాన్ని విండోస్‌లో లినక్స్ కమాండ్లు నడిపించే గిట్ బ్యాష్ మీదో సిగ్‌విన్ మీదో నెట్టుకొస్తుంటారు. అట్లాగే ఉంచాలా, విండోస్ సొంత స్క్రిప్టుల్లోకి మార్చాలా? వేగం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. రాత్రి బిల్డు పగిలితే పొద్దున, బిల్డులను తనంతట నడిపే జెంకిన్స్‌లో ఎర్ర గుర్తు పడుతుందా లేదా, ముందు అది చూడాలి.

షెల్ ఈ పరీక్షలో లినక్స్ మీదే జారుతుంది. బిల్డు చేసే ‘మేక్’ అవుట్‌పుట్‌ను పైపుతో ‘టీ’ కమాండుకు పంపి లాగ్ రాస్తే, చివరికి మిగిలేది ‘టీ’ ఎగ్జిట్ కోడ్ (కమాండు ముగిశాక ఇచ్చే అంకె; సున్నా అంటే బాగా జరిగినట్టు). మేక్ చచ్చినా సున్నానే వస్తుంది. పైన ‘సెట్ -ఇ’తో పాటు ‘పైప్‌ఫెయిల్’ కూడా పెడితే ఇది తీరిపోతుంది. విండోస్‌కు వచ్చాక మొదలయ్యేవి వేరే తిప్పలు. గిట్ ఫైళ్లను దించుకునేటప్పుడు లైను చివర సీఆర్ (విండోస్ పద్ధతి లైను ముగింపులోని అదనపు గుర్తు) చేర్చిందంటే, స్క్రిప్టు మొదట్లోనే తప్పు చూపి ఆగిపోవచ్చు. రిపోలోని డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్‌లో షెల్ ఫైళ్లకు ‘ఈఓఎల్=ఎల్ఎఫ్’ అని ఒక లైను రాయాలి. గిట్ బ్యాష్‌లో మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూలు ఎంఎస్‌బిల్డ్‌కు ‘/ఎం’ ఇస్తే, అది పాత్ అనుకుని ‘ఎం:/’ డ్రైవుగా మార్చి పంపుతుంది. స్లాష్ బదులు హైఫన్‌తో ఇస్తే ఎంఎస్‌బిల్డ్ తీసుకుంటుంది. పాత్ వరుసలో సిస్టమ్32 ముందుంటే ‘ఫైండ్’ అన్నప్పుడు నడిచేది విండోస్ ఫైండ్. దానికి ఫైళ్లు వెతకడం రాదు, ఫైల్లో మాట వెతకడమే వచ్చు.

సిగ్‌విన్ నెమ్మది అంటారు, నిజమే. విండోస్‌లో ఫోర్క్ (ప్రాసెస్ తన నకలు తీసి కొత్తది మొదలుపెట్టే పద్ధతి) లేదు కాబట్టి దాన్ని అనుకరించాలి. లూపులో ఫైలుకు ఒకసారి గ్రెప్, ఒకసారి సెడ్ పిలిచే స్క్రిప్టయితే ప్రతి పిలుపుకూ ఆ ఖర్చు పడుతుంది, పైన యాంటీవైరస్ తనిఖీ. ఇక డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల నడిచే లినక్స్) తయారయ్యేది మామూలుగా లినక్స్ బైనరీ. విండోస్ బిల్డును పరీక్షించాలనుకునేవాళ్లకు దానితో పనేముంది?

బ్యాచ్‌ఫైలుకు ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. దాని మంచి అంతటితో సరి. విండోస్‌లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎం, జావా బిల్డు చేసే మేవెన్ రెండూ సీఎండీ ఫైళ్లే, అంటే అవీ బ్యాచ్‌ఫైళ్లే. బ్యాచ్‌లో ‘కాల్’ లేకుండా ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ అని రాస్తే, అది ముగిశాక కంట్రోలు వెనక్కి రాదు. కింద రాసిన టెస్టులేవీ నడవవు, ఇన్‌స్టాల్ బాగా జరిగింది కాబట్టి జెంకిన్స్ జాబ్ పచ్చగా ఉంటుంది! బ్రాకెట్ల మధ్య ‘%ఎర్రర్‌లెవెల్%’ (ముందటి కమాండు ఎగ్జిట్ కోడ్) చూసినా మోసమే: ఆ బ్లాకును చదివినప్పటి విలువే అందులో ఉంటుంది, కమాండు నడిచాక వచ్చినది కాదు. మూడు లైన్ల పనికి తప్ప బ్యాచ్ వద్దు.

పవర్‌షెల్ దగ్గర ఎక్కువమంది పడే గుంత ఒకటుంది. ‘ఎర్రర్‌యాక్షన్‌ప్రిఫరెన్స్’కు ‘స్టాప్’ పెట్టేశాం, ఇక తప్పు దొరికిన చోటే ఆగుతుందిలే అనుకుంటారు. అది పవర్‌షెల్ సొంత కమాండ్లకే. కంపైలర్ లాంటి ఈఎక్స్ఈ ఫెయిలైతే స్క్రిప్టు దులుపుకుని ముందుకు పోతుంది. ప్రతి ఈఎక్స్ఈ తర్వాత ‘లాస్ట్‌ఎగ్జిట్‌కోడ్’ చూడాలి. ఆ పనికి నాలుగు లైన్ల ఫంక్షన్ ఒకటి రాసుకుని అన్నిటినీ దాని గుండానే పిలవడం మేలు. పవర్‌షెల్ 7.4 నుంచి ‘పీఎస్‌నేటివ్‌కమాండ్‌యూజ్‌ఎర్రర్‌యాక్షన్‌ప్రిఫరెన్స్’ అనే సెట్టింగును ‘ట్రూ’ చేసి ఈ బాధ తప్పించుకోవచ్చు. పేరు చూసి భయపడొద్దు, ఒకసారి పైన రాస్తే చాలు.

విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీది ఇంకో లెక్క. ఫైళ్లు చక్కగా కాపీ అయితే 1 ఇస్తుంది, 8 నుంచే అసలు ఫెయిల్యూరు. సున్నా కాకపోతే తప్పు అని ఫంక్షన్ రాసుకున్నవాళ్లు దీనికి మినహాయింపు పెట్టుకోవాలి.

విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 వెర్షన్‌తో గొడవలెక్కువ. ‘>’తో రాసిన లాగ్ యూటీఎఫ్-16లో పడుతుంది. బీఓఎమ్ (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ చెప్పే గుర్తు) లేని యూటీఎఫ్-8 స్క్రిప్టులో టెస్టు డేటాగా ‘చిత్తూరు’ అని రాస్తే దాన్ని పాత కోడ్‌పేజీలో చదివి పిచ్చి అక్షరాలు చేస్తుంది. తెలుగు ఇన్‌పుట్ పరీక్షించే యాప్ అయితే తప్పు యాప్‌దా, స్క్రిప్టుదా అని రోజంతా తవ్వుకోవాలి. వీలైతే 7 వేసుకోండి. జాబ్ నుంచి ‘-ఫైల్’తో పిలవండి; ‘-కమాండ్’తో పిలిస్తే స్క్రిప్టు ఇచ్చిన 3, 4 లాంటి కోడ్‌లన్నీ 1 అయిపోతాయి.

అదే టెస్టు లినక్స్‌లోనూ నడవాలంటే ఓటు పైథాన్‌కే. ‘సబ్‌ప్రాసెస్ రన్’కు ‘చెక్=ట్రూ’ ఇస్తే ఫెయిలైన చోటే ఆగుతుంది, టైమౌటు అందులోనే ఉంది. విండోస్‌లో మళ్లీ ఎన్‌పీఎం దగ్గరే తట్టుకుంటారు: ఉత్త పేరిస్తే ఫైలు దొరకలేదంటుంది, ‘షుటిల్ విచ్’తో పూర్తి పాత్ తీసి ఇవ్వాలి. టైమౌటు మనం పిలిచిన ప్రాసెస్‌నే చంపుతుంది, అది మొదలుపెట్టిన పిల్ల ప్రాసెస్‌లు బతికే ఉంటాయి. అవి పట్టుకున్న ఈఎక్స్ఈని చెరపబోతే ‘విన్‌ఎర్రర్ 5’ వచ్చి, తర్వాతి బిల్డు కూడా పాడవుతుంది. పైది చావకముందే ‘టాస్క్‌కిల్’ను /టీ, /ఎఫ్‌లతో పిలిచి మొత్తం చెట్టును కూల్చాలి. లాగులో తెలుగు వచ్చేటట్టయితే ‘పైథాన్‌యూటీఎఫ్8’ను 1 చేయడం మరవొద్దు.

మొత్తానికి విండోస్ ఒక్కటే అయితే పవర్‌షెల్ 7, రెండూ అయితే పైథాన్, లినక్స్ ఒక్కటే అయితే ఉన్న షెల్‌ను కదిలించొద్దు. బిల్డు టూలుగా సీమేక్ వాడేవాళ్లు టెస్టు నడిపే పని దానితో వచ్చే సీటెస్ట్‌కే వదిలేస్తే రాయాల్సిన స్క్రిప్టు సగమవుతుంది.

మార్చేటప్పుడు లైనుకు లైను అనువదించొద్దు. పాతది ఏ ఫైళ్లు తీసుకుంటోంది, ఏవి ఇస్తోంది, ఏ కోడ్‌తో ముగుస్తోంది అని ముందు రాసుకుని, దానికి తగ్గట్టు కొత్తది రాయండి. ఓ వారం రెండూ పక్కపక్కన నడపండి. ఆ వారంలో కావాలని మూడు తప్పులు పెట్టి చూడండి: ఒక సెమీకోలన్ తీసేయడం, ఫెయిలయ్యే టెస్టు ఒకటి, ఎప్పటికీ ముగియని టెస్టు ఒకటి. మూడుసార్లూ జాబ్ ఎర్రబడితేనే పాత షెల్ ఫైలును రిపోలోంచి తీసేయండి.