గేమ్‌క్యూబ్ పోకెమాన్ డిస్కులు కొనేవారికి హెచ్చరిక: అడుగు భాగం ఫోటో చూడనిదే డబ్బు కట్టవద్దు

విదేశీ వేలం సైట్లలో ‘పోకెమాన్ ఎక్స్‌డీ: గేల్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే వీడియో గేమ్ డిస్కు (నింటెండో సంస్థ పాత ఆటల యంత్రమైన గేమ్‌క్యూబ్‌లో ఆడేది) కోసం వెతుకుతున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. ‘అసలైనది, పరీక్షించి చూశాం, బాగా పనిచేస్తోంది’ అన్న ప్రకటన చూసి నేను తెప్పించుకున్న డిస్కు పూర్తిగా నకిలీది. ఖాళీ మినీ డీవీడీలో ఆటను రాసి, పైన రంగుల లేబుల్ అంటించి, దానిని అసలు డిస్కు ధరకే అమ్మారు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా ఈ పని చేస్తున్నది ఒక్కరే కాదు కాబట్టి, పేరుకన్నా మోసం జరిగే తీరు తెలియడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

ఈ ఆటకే ఎందుకు ఇన్ని నకిలీలు వస్తున్నాయన్నది తెలిసిన సంగతే. జీనియస్ సొనోరిటీ సంస్థ తయారుచేసిన ఈ ఆట 2005లో గేమ్‌క్యూబ్‌పై మాత్రమే వచ్చింది. అంతకుముందు 2003లో జపాన్‌లో విడుదలైన ‘పోకెమాన్ కొలోసియం’ కథకు ఇది కొనసాగింపు. మామూలు పోకెమాన్ ఆటల్లో గడ్డిలో తిరిగే ప్రాణులను పట్టుకుంటాం. ఓరే అనే ఎడారి ప్రాంతంలో సాగే ఈ రెండింటిలోనూ ప్రధానంగా చేసే పని, మనసు మూసివేయబడి యుద్ధయంత్రాలుగా మారిన షాడో పోకెమాన్లను దుండగుల చేతుల్లోంచి స్నాగ్ మెషీన్‌తో లాక్కొని, వాటిని మళ్ళీ మామూలు స్థితికి తీసుకురావడం. కొలోసియంలో అలాంటివి 48, ఎక్స్‌డీలో 83. ఈ తరహా ఆట మళ్ళీ రాలేదు. ఏళ్ళ తరబడి వేరే యంత్రం మీదా రాలేదు. చిన్నప్పుడు ఆడినవారు ఇప్పుడు సంపాదనలో ఉన్నారు, డిస్కులు మాత్రం అరిగిపోతూ తగ్గిపోతున్నాయి. ధర పెరగడానికి, దానితోపాటు దొంగసరుకు పుట్టడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

నాకు వచ్చిన పార్సిల్‌లో అట్టపెట్టె అసలుదే, లోపలి పుస్తకమూ అసలుదే. మోసమంతా డిస్కులోనే ఉంది. యంత్రంలో పెట్టగానే డిస్కును చదవలేకపోతున్నట్లు సందేశం వచ్చింది. అదే యంత్రంలో నా దగ్గరున్న మరో అసలు డిస్కు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఈ సంగతి వీడియోతో సహా పంపితే, మొదట మీ యంత్రం లెన్సు బలహీనపడిందన్నారు, తరువాత డిస్కును మెత్తటి గుడ్డతో తుడవమన్నారు, చివరకు మా దగ్గర నడిచింది కాబట్టి మా బాధ్యత లేదన్నారు. వారి దగ్గర నడిచి ఉండవచ్చు కూడా. చిప్ అమర్చి మార్పులు చేసిన గేమ్‌క్యూబ్ ఇలా రాసిన డిస్కులను చదువుతుంది, మార్పులు చేయనిది చదవదు. కాబట్టి ‘పరీక్షించాం’ అన్న మాట కనిపిస్తే, ఏ యంత్రంలో పరీక్షించారో, దానిలో చిప్ ఉందో లేదో నేరుగా అడగండి. సమాధానం దాటవేస్తే అక్కడితో వదిలేయండి.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, అడుగు భాగం కనబడితే చాలు. గేమ్‌క్యూబ్ డిస్కు 8 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అసలు డిస్కు అడుగు వెండి రంగులో అద్దంలా మెరుస్తుంది. నాకు వచ్చినదాన్ని ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుంటే వంకాయ రంగు నిగ్గు కనబడింది. రాసుకునే డీవీడీలకు ఉండే రంగు అది. ఇంకా గట్టి ఆధారం మధ్య రంధ్రానికి దగ్గరగా ఉంటుంది. అసలు డిస్కులో అక్కడ దుకాణాల్లో వస్తువుల మీద చూసే బార్‌కోడ్ లాంటి సన్నని గీతల పట్టీ వలయంలా చెక్కి ఉంటుంది. నకిలీలో ఆ చోటు నున్నగా, ఖాళీగా ఉంది. పై లేబుల్‌ను ఎవరైనా చక్కగా అచ్చు వేసుకోగలరు కానీ, ఆ గీతలను ఇంట్లో చెక్కడం సాధ్యం కాదు. అందుకే లేబుల్ ఫోటోలు ఎన్ని పెట్టినా తృప్తిపడకుండా, అడుగు భాగాన్ని, ముఖ్యంగా ఆ లోపలి వలయాన్ని దగ్గరగా తీసిన ఫోటో అడగండి. పక్కన ఆనాటి తేదీ రాసిన కాగితం ముక్క పెట్టి తీయమంటే, ఎక్కడినుంచో తెచ్చిన ఫోటోలు అంటగట్టే అవకాశం కూడా పోతుంది.

ఎలాగూ చిప్ ఉన్న యంత్రమే కదా, నకిలీ అయితే ఏమి అనుకునేవారు ఒక విషయం ఆలోచించాలి. ఎక్స్‌డీ ఒక పూటలో అయిపోయే ఆట కాదు. షాడో పోకెమాన్‌గా మారి నల్లబడిన లూజియాను బాగుచేయాలంటే, ఆటలో వాటిని మామూలు స్థితికి తెచ్చే ప్యూరిఫై ఛాంబర్‌లోని తొమ్మిది అరలనూ సరైన జతలతో నింపాలి. అంతదూరం వచ్చాక డిస్కు మొరాయిస్తే ఆ కష్టమంతా అక్కడే ఆగిపోతుంది.

డిస్కు అసలుదే అయినా మీ యంత్రానికి సరిపోకపోవచ్చు. అమెరికా, యూరప్, జపాన్ డిస్కులు వేరువేరు. ఒక ప్రాంతపు యంత్రంలో మరో ప్రాంతపు డిస్కు నడవదు. లేబుల్ మీది కోడ్ చివర యూఎస్ఏ అని ఉంటే అది అమెరికా డిస్కు. గేమ్‌క్యూబ్ తరువాత నింటెండో తెచ్చిన ‘వీ’ (Wii) యంత్రం మీద ఆడాలనుకునేవారు గేమ్‌క్యూబ్ కంట్రోలర్ల సాకెట్లు ఉన్న తొలి నమూనాయేనా అని చూసుకోవాలి. 2011 నాటి ఫ్యామిలీ ఎడిషన్, వీ మినీ, వీ యూ ఈ డిస్కులను తీసుకోవు. అమెరికా నుంచి యంత్రం కూడా తెప్పించుకుంటున్నవారు దాని అడాప్టర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టవద్దు. అది 120 వోల్టులకు మాత్రమే చేసినది.

డబ్బు విషయానికి వస్తే, వెనక్కి ఇస్తామన్నా మొత్తం చేతికి రాదు. ఇక్కడ కట్టిన కస్టమ్స్ సుంకాన్ని అమ్మినవారు తిరిగి ఇవ్వరు, నకిలీ డిస్కును విదేశానికి ట్రాకింగ్‌తో తిప్పి పంపే ఖర్చు డిస్కు విలువలో గణనీయమైన భాగమే అవుతుంది. అమ్మేవారి ధీమా కూడా అదే. డిస్కు ఉంచుకోండి, కొంత సొమ్ము వెనక్కి వేస్తాం, ఫిర్యాదు ఉపసంహరించుకోండి అని నాకు వచ్చిన బేరాన్ని నేను ఒప్పుకోలేదు. ఒకసారి ఉపసంహరించుకుంటే దాన్ని తిరిగి తెరవడం కష్టం. పార్సిల్ విప్పడాన్ని మొదటినుంచీ వీడియో తీసి ఉంచుకోండి, కొనుగోలుదారుకు రక్షణ ఉన్న పద్ధతిలోనే చెల్లించండి, సైటు బయట చెల్లిస్తే తగ్గిస్తామనేవారికి దూరంగా ఉండండి.

ఆట ఆడితే చాలు, డిస్కు అల్మారాలో లేకపోయినా ఫరవాలేదు అనుకునేవారు తొందరపడకుండా ఉండటం మంచిది. నింటెండో కొత్త యంత్రమైన స్విచ్ 2లో చందాదారులకు ఇచ్చే గేమ్‌క్యూబ్ ఆటల వరుసలో కొలోసియం, ఎక్స్‌డీ రెండూ వస్తాయని నింటెండో 2025 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. చందా ఆగితే ఆట ఆగుతుంది, నిజమే. కానీ నకిలీ డిస్కుకు పోసే డబ్బుకన్నా అది నయం.

నేను మోసపోయిన ప్రకటనలోని ఫోటోలు మరో ఖాతా కింద మళ్ళీ కనబడ్డాయి. అట్టపెట్టె ముందు భాగంలో కింది ఎడమ మూలన చింపిన ధర స్టిక్కరు జిగురు మరక ఉంటుంది, డిస్కు పై భాగం మాత్రమే చూపిస్తారు, వెనుక గళ్ళ దుప్పటి కనబడుతుంది. ఆ ఫోటోలు కనబడితే డబ్బు కట్టకుండా సైటువారికి ఫిర్యాదు చేయండి.