కేబులా, కార్డ్ రీడరా, వైఫైనా: కెమెరా ఫొటోలు సిస్టమ్‌లోకి ఎక్కించడానికి ఏది మేలు?

కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. "అన్నా, కేబుల్ ఉంది కదా, చాలదా? విడిగా కార్డ్ రీడర్ కొనాలా? కెమెరాలో వైఫై కూడా ఉందిగా, ఇంక ఇవన్నీ ఎందుకు?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ ఒకచోట రాస్తున్నా. నేను ఎటువైపో ముందే చెప్పేస్తాను: కార్డ్ రీడర్, అంటే కెమెరాలోంచి తీసిన మెమరీ కార్డును సిస్టమ్‌కి తగిలించే చిన్న పరికరం. అయితే అందరూ చెప్పే కారణం వేరు, నాది వేరు.

అందరూ చెప్పేది వేగం. అది నిజమే, లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైల్ (జేపెగ్‌గా మార్చని అసలు ఫొటో) సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. పెళ్ళిలో స్నాతకం మొదలుకొని అప్పగింతల దాకా తీస్తే వెయ్యి ఫొటోలు ఇట్టే అయిపోతాయి, అంటే 28 జీబీ అనుకుందాం. కెనాన్ 1500డీ, నికాన్ డీ5600 లాంటి మన దగ్గర విరివిగా కనిపించే కెమెరాల్లో ఉన్నది యూఎస్‌బీ 2.0. కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ, అని ఉన్నా నిజంగా వచ్చేది 30, 35 ఎంబీ, కాబట్టి ఆ 28 జీబీ దిగడానికి పావుగంట పడుతుంది. మంచి యూహెచ్‌ఎస్-1 కార్డును (ఎస్‌డీ కార్డుల్లో వేగాన్ని బట్టి ఉండే రకాల్లో ఒకటి) యూఎస్‌బీ 3.0 రీడర్‌లో పెడితే సెకనుకి 80, 90 ఎంబీ వస్తుంది, ఐదారు నిమిషాల్లో పని తెమిలిపోతుంది. కొత్త కెమెరాకి టైప్-సీ ఉంది కాబట్టి కేబుల్ కూడా అంత వేగంగా ఉంటుందని అనుకోవద్దు. కెనాన్ ఆర్50కి ఉన్నది టైప్-సీనే, లోపల మాత్రం అదే యూఎస్‌బీ 2.0.

కానీ ఆరు నిమిషాలైనా పావుగంటైనా నాకు పెద్ద తేడా లేదు, ఆ కాసేపు టీ తాగి రావచ్చు. నేను చూసేది ఒక్కటే: కార్డులో ఉన్నదంతా సిస్టమ్‌లోకి దిగిందని కార్డు ఫార్మాట్ చేసేముందు ఖాయంగా తెలుసుకోగలమా లేదా. లెన్స్ పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం పోతే ఎక్కణ్ణించి తెస్తాం?

కేబుల్ పెట్టినప్పుడు ఏం జరుగుతుందంటే, కెనాన్, నికాన్‌లలో ఎక్కువ మోడళ్ళు పెన్‌డ్రైవ్‌లా తెరుచుకోవు. పీటీపీ, ఎంటీపీ అనే పద్ధతుల్లో పని చేస్తాయి. అంటే సిస్టమ్ కార్డును నేరుగా చూడదు, కెమెరాని అడుగుతుంది, కెమెరా తన దగ్గరున్న ఫైళ్ళ జాబితా చెబుతుంది. మీకు ఈ అనో ఎఫ్ అనో డ్రైవ్ అక్షరం రాదు. అదే కార్డు రీడర్‌లో పెడితే ఉన్న ఫోల్డర్లన్నీ ఉన్నట్టుగా కళ్ళ ముందు కనబడతాయి.

దీనివల్ల ఏం ఒరుగుతుంది అంటారేమో. సోనీ కెమెరా వాడేవాళ్ళని అడగండి. ఫొటోలు డీసీఐఎం ఫోల్డర్లో ఉంటాయి, ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే సోనీ ఫార్మాట్ వీడియోలు మాత్రం ప్రైవేట్ అనే ఫోల్డర్ తెరిచి, అందులో ఎం4రూట్, దాని లోపల క్లిప్ దాకా వెళ్తే గానీ కనబడవు. ఫొటోలు దించుకునే యాప్ వాడితే ఆ వీడియోలు కూడా వచ్చాయో లేదో విడిగా చూసుకోవాల్సిందే. రీడర్‌లో పెట్టినా డీసీఐఎం ఒక్కటే కాపీ చేసుకుని "అయిపోయింది" అనుకుంటే అదే నష్టం, కాబట్టి కార్డులో ఉన్నది మొత్తం, అర్థంకాని పేర్లున్న ఫోల్డర్లతో సహా, ఎత్తి పెట్టుకోండి.

తర్వాత సరిచూడటం. రీడర్‌లో ఉన్న కార్డు తెరిచి అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌తో ప్రాపర్టీస్ చూస్తే ఎన్ని ఫైళ్ళు, ఎన్ని ఫోల్డర్లు, సైజు ఆఖరి బైటు వరకు ఎంతో చూపిస్తుంది. సిస్టమ్‌లో కాపీ చేసుకున్న ఫోల్డర్ తెరిచి అక్కడా అలాగే చూడండి. ఫైళ్ళ సంఖ్యా, బైట్లూ రెండుచోట్లా ఒకటే ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. ఆ తర్వాత అక్కడోటి ఇక్కడోటి ఫొటోలు పెద్దవిగా తెరిచి చూసుకోండి. కేబుల్ దారిలో విండోస్‌లో ఇలా మొత్తానికి లెక్క దొరకడం కష్టం.

ఇంకోటి, పొరపాటున ఫొటోలు డిలీట్ అయ్యాయనుకోండి. ఫొటోరెక్ లాంటి రికవరీ ప్రోగ్రాములు కార్డును నేరుగా చదవాలి, పీటీపీలో కలిపిన కెమెరా దగ్గర వాటికి ఆ వీలుండదు. ఆ రోజు ఎలాగూ రీడర్ కోసం వెతుక్కుంటారు, అదేదో ముందే కొనుక్కుంటే టెన్షన్ ఉండదు.

బ్యాటరీ సంగతి కూడా ఉంది. అర్ధరాత్రి ముహూర్తం అయ్యాక కెమెరా బ్యాటరీ చివరి గీత మీద ఉంటుంది. కేబుల్‌తో కాపీ చేయాలంటే ఆ కెమెరా ఆన్‌లోనే ఉండాలి. మధ్యలో ఆగితే ఏ ఫైలు దాకా వచ్చిందో మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. రీడర్‌కి కెమెరాతో పని లేదు, మీరు కాపీ పెట్టి బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టుకోవచ్చు.

ఏ దారిలో వెళ్ళినా రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీయే చేయండి, మధ్యలో కరెంటు పోయినా అసలువి కార్డులో భద్రంగా ఉంటాయి. అలాగే కెమెరా ఫైళ్ళ నంబరు 9999 దాటాక మళ్ళీ 0001కి వస్తుంది, రెండో కెమెరాలోనూ అవే పేర్లు ఉండొచ్చు, అందుకని ఒక్కో కార్డుకీ తేదీతో ఒక్కో కొత్త ఫోల్డర్. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్లో పోసి, "రీప్లేస్" చేయమంటారా అని విండోస్ అడిగినప్పుడు అవునని నొక్కితే పాతవి పోతాయి.

అలాగని కేబుల్ పనికిరాదని అనను. ఎస్‌డీ కార్డు వెనక బంగారు రంగు పట్టీల మధ్య సన్నటి ప్లాస్టిక్ గీతలుంటాయి చూడండి, మాటిమాటికీ తీసి పెడుతుంటే అవి విరిగే ప్రమాదం ఉంది. కార్డు బయటికి తీస్తే జేబులో మర్చిపోయే భయం కూడా ఉంటుంది. వారానికి పది జేపెగ్ ఫొటోలు దించుకునే వాళ్ళకి కేబుల్ చక్కగా సరిపోతుంది. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ (ఎస్‌డీ కన్నా వేగమైన వేరే రకం) కార్డుల కెమెరాలకైతే నేనే కేబుల్ వైపు మొగ్గుతాను, ఎందుకంటే ఆ రీడర్ల ధర ఎక్కువ, పైగా కెనాన్ ఆర్5, నికాన్ జెడ్8 లాంటి వాటి యూఎస్‌బీ బాగా వేగంగా ఉంటుంది. అప్పుడు కూడా బ్యాటరీ నిండుగా ఉంచుకుని, ఫైళ్ళ లెక్క కొంచెం ఓపిగ్గా చూసుకోండి.

లాప్‌టాప్‌లోనే ఎస్‌డీ స్లాట్ ఉంటే మొదట అది వాడి చూడండి. ఆపిల్ కూడా 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో తీసేసిన స్లాట్‌ని 2021లో 14, 16 అంగుళాల మోడళ్ళలో తిరిగి పెట్టింది. కొన్ని లాప్‌టాప్‌ల స్లాట్ మాత్రం లోపల యూఎస్‌బీ 2.0 కాబట్టి నెమ్మదిగా ఉంటుంది.

వైఫై గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఫంక్షన్ దగ్గరే నాలుగు ఫొటోలు ఫోన్‌లోకి తీసుకుని పెళ్ళికూతురు వాళ్ళకి పంపడానికి బాగుంటుంది. సెకనుకి 3 ఎంబీ వచ్చిందనుకున్నా మన 28 జీబీకి రెండున్నర గంటలు దాటుతుంది. నికాన్ ఫోన్ యాప్ స్నాప్‌బ్రిడ్జ్‌కి కెమెరా దానంతటది పంపే జేపెగ్‌లు సెట్టింగ్ మార్చకపోతే 2 మెగాపిక్సెల్ సైజువే, ఫోన్‌లోకి వచ్చేశాయి కదా అని కార్డు ఖాళీ చేయకండి. అక్కణ్ణించి వాట్సాప్‌లో మామూలు ఫొటోగా సిస్టమ్‌కి పంపుకుంటే ఇంకా నలిగిపోతాయి.

రీడర్ కొనేటప్పుడు యూఎస్‌బీ 3.0 అని రాసి ఉందో లేదో చూడండి, సిస్టమ్‌లో కూడా 3.0 పోర్టులోనే పెట్టండి, చాలావాటికి లోపల నీలం రంగు ఉంటుంది. ఇంకా వేగమైన యూహెచ్‌ఎస్-2 రకం రీడర్‌కి ఎక్కువ డబ్బు పెట్టాలంటే మీ కార్డు వెనక రెండో వరస పట్టీలు ఉండాలి, లేకపోతే ఆ ఖర్చు దండగ. ప్రింట్ల కోసం కార్డు స్టూడియోలోనో నెట్ సెంటర్‌లోనో ఇవ్వాల్సి వస్తే పక్కనున్న చిన్న లాక్ మీటను కిందికి జరిపి ఇవ్వండి. అక్కడి సిస్టమ్‌లో వైరస్ ఉన్నా కార్డు మీద రాయడం అంత తేలిక కాదు, ఎవరో తెలియక డిలీట్ నొక్కినా పోదు. తిరిగి తీసుకున్నాక మీట పైకి జరపడం మర్చిపోకండి, లేకపోతే కెమెరా కార్డు లాక్ అయిందని చూపిస్తుంది, ఫొటో తీయనివ్వదు.