రేణిగుంట రోడ్డు షెడ్డులో మా పికప్‌కు జరిగిన వైద్యం

మదనపల్లె నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి టమోటా తోలే మా డీజిల్ పికప్ మైలేజీ లీటరుకు 11 కిలోమీటర్లకు పడిపోవడంతో, దానిని రేణిగుంట రోడ్డులోని ఒక చిన్న షెడ్డుకు తీసుకువెళ్లాను. ఇంజను విప్పాలంటారేమోనని భయపడ్డాను గాని, మేస్త్రి బండిని న్యూట్రల్‌లో ఉంచి, జాకీపై లేపి, ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పి చూశారు. వెనుక ఎడమ చక్రం అర చుట్టు తిరగకుండానే ఆగిపోయింది. బ్రేకు వేసినప్పుడు చక్రంలోని డ్రమ్మును పట్టి ఆపే లైనర్లు, బ్రేకు వేయకపోయినా దాన్ని వదలకుండా ఒరుసుకుంటున్నాయి. వాటిని సర్ది, ఎర్రమట్టి పేరుకున్న ఎయిర్ ఫిల్టరును మార్చి, కంపెనీ పట్టికలో లోడుకు సూచించినంత గాలిని టైర్లలో నింపారు. మొత్తం ఖర్చు 1,450 రూపాయలు.

మైలేజీ పెరుగుతుందంటూ డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతం గురించి అడిగితే, ఆ డబ్బుతో డీజిలే పోయించుకోమన్నారు. ఆ మాట నాకు నచ్చింది. మరమ్మతు తర్వాత ఒకే బంకులో రెండుసార్లు ట్యాంకు నిండా పోయించి లెక్కిస్తే, అదే దారిలో, దాదాపు అంతే లోడుతో మైలేజీ 13 దాకా వచ్చింది. వీల్ అలైన్‌మెంట్ యంత్రం లేకపోవడం, అడిగితే తప్ప బిల్లు ఇవ్వకపోవడం మాత్రం లోపాలే.