కర్నూలు రిహాబ్ సెంటర్‌లో మా నాయనతో 5 నెలలు

పక్షవాతంతో మా నాయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఆరోగ్యశ్రీ వల్ల అక్కడ పెద్దగా ఖర్చు కాలేదు. అసలు టెన్షన్ డిశ్చార్జ్ రోజు మొదలైంది. ముక్కులో పైపు, యూరిన్ గొట్టం, కదల్లేని మనిషి. ఆదోనిలో ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. బంధువులు విరూపాక్షపురంలో పక్షవాతానికిచ్చే నాటుమందు అన్నారు. (వినలేదని మా మేనత్తకు ఇప్పటికీ కోపమే.) మేం కర్నూల్లోనే ఒక ప్రైవేటు రిహాబ్‌లో, అంటే ఇలాంటి వాళ్లకు మళ్లీ కూర్చోవడం, తినడం, నడవడం నేర్పే చోట చేర్చాం.

ఫిజియోథెరపీ అంటే కాళ్లూ చేతులూ ఆడించడమే అనుకున్నా. ఇక్కడ మూడు వారాలు పక్కకు దొర్లడం, ఒరిగిపోకుండా కూర్చోవడం, అంతే. విసుక్కున్నా. "ముందు నడుం నిలవాలి అన్నా, కాళ్ల సంగతి తర్వాత" అంది ఫిజియో అమ్మాయి. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపితే భుజం జారుతుందని కూడా ఆమే చెప్పింది. అప్పటిదాకా మేం చేసింది అదే! మింగడం నేర్పిన తీరూ నచ్చింది. పల్చటి నీళ్లు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుందట. అందుకే నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి రాగిజావ చెంచాతో పట్టేవాళ్లు. మూడో నెలలో పైపు తీసేశారు. నాయన సంగటి ముద్ద తిన్న రోజు అమ్మ వార్డంతా చెప్పుకుంది.

రాత్రులు మాత్రం ఘోరం. ఇరవై మందికి ఇద్దరే ఆయాలు. కదల్లేని వాళ్లకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, తిప్పినట్టు ఛార్టులో టిక్కు పెట్టాలి. తెల్లవారుజాము గళ్లలో టిక్కులు రాత్రి పదికే పడి ఉండడం నేనే చూశా. రెండో నెలలో నడుం కింద పుండు పడింది. అడిగితే "గాలి పరుపు వేశాం కదా" అన్నారు. గాలి పరుపున్నా తిప్పడం తప్పదు. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది, అన్నాళ్లూ కూర్చోబెట్టడం తగ్గించేశారు. అప్పట్నుంచి ఫోన్లో అలారం పెట్టుకుని మంచం పక్కనే నేల మీద పడుకున్నా.

నెలకు 30 వేలన్నారు. డైపర్లు, మందులు కలిపి 42 వేల దాకా అయ్యేది. చేరే ముందు వేటికి విడిగా బిల్లు వేస్తారో రాయించుకోండి. సెంటర్ చూడ్డానికి పగలు కాదు, రాత్రి పది తర్వాత వెళ్లండి.

చివరి వారం మంచం నుంచి కుర్చీలోకి మార్చడం దగ్గర్నుంచి అన్నీ అమ్మ చేతే చేయించారు. ఇంటికొచ్చాక మమ్మల్ని కాపాడింది అదే. నాయన ఇప్పుడు నాలుగు కాళ్ల కర్రతో వాకిలి దాకా నడుస్తాడు, చెయ్యి మాత్రం రాలేదు. మళ్లీ అవసరమైతే అక్కడే చేరుస్తా, రాత్రికి మనిషిని మాత్రం నేనే పెట్టుకుంటా.